ఏడు ట్యాంకుల శిక్ష

"ఎవరాయన?" పెదవులు కదపకుండా అడిగాడు డెల్మర్.

"ఎవరు?" అంది అతని భార్య ఆర్లిస్, బంగాళాదుంప సలాడ్ కలుపుతూ.

"నీలం టోపీ. నవ్వుతూ మనవైపే వస్తున్నాడు. బాగా తెలిసినవాడే అయ్యుంటాడు."

ఆర్లిస్ తలెత్తి చూసింది. "ఎక్కడో చూసినట్టే ఉంది. పేరు మాత్రం... ఊహూ. అడిగెయ్యి."

"అడిగితే ఏడు ట్యాంకులు!"

ఆర్లిస్ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఏటా జూన్‌లో ఏడు కారవాన్లు, అంటే చక్రాల మీది ఇళ్లు, ఉత్తర మిన్నెసోటాలోని ఈ సరస్సు ఒడ్డున కలుస్తాయి. వయసు మీదపడి అందరూ ఒకరి పేర్లు ఒకరు మరచిపోతున్నారని, గుంపు పెద్ద ఓరిన్ మూడేళ్ల కిందట ఒక నియమం పెట్టాడు. తోటివాడి పేరు మరచిపోయినవాడు, చివరిరోజు ఏడు కారవాన్ల టాయిలెట్ ట్యాంకులూ ఒక్కడే ఖాళీ చేయాలి. నిరుడు డెల్మర్ ఓరిన్ భార్య లవాన్‌ను "లోర్నా" అన్నాడు. మూడో ట్యాంకు దగ్గర గొట్టం ఊడి అంతా అతని మీదే పడింది. ఇంటిదాకా రెండువందల మైళ్లు మొగుడూ పెళ్లాలు కిటికీలు తెరుచుకునే వెళ్లారు.

"ఈసారి అలా అయితే నువ్వు నడిచి రావాలి," అంది ఆర్లిస్.

నీలం టోపీ రానే వచ్చాడు.

"రండి రండి! ఎన్నాళ్లయింది!" అంటూ డెల్మర్ అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఆ... అవునండీ," అన్నాడాయన మర్యాదగా. "నేనొక్క మాట..."

"మాటలు తరవాత. ముందు ప్లేటు!"

వాళ్ల కారవాన్లు దారికి అవతల, అద్దెకు తీసుకున్న చోట్లలో వరుసగా ఉన్నాయి. ఓక్ చెట్టు నీడ ఇవతల ఉంది కాబట్టి బల్లలూ కుర్చీలూ ఇవతలికి లాక్కున్నారు. డెల్మర్ ఆయన్ని మంచి కుర్చీలో కూర్చోబెట్టి, ప్లేటులో రెండు సాసేజ్‌లు పడేశాడు.

"మీ బండి అదేనా? ఇంకా దారిలోనే నిలబెట్టారే?"

"అదేనండీ నేను చెప్పబోయేది..."

"తిన్నాక అందరం వచ్చి, బండి వెనక్కి తీసి పెట్టుకోడానికి సైగలు చేస్తాంలెండి. మీ ఆవిడ పేరు... భలే పేరండీ, ఎలా పలకాలి?"

"ఆవిడ బండిలోనే ఉంది. కాస్త కోపంగా ఉంది."

"అయ్యో! ఆర్లిస్, ఆమెకో ప్లేటు!"

పేరు దొరకలేదు. డెల్మర్ గుంపు పుస్తకం తెచ్చి, ఏదైనా రాసి సంతకం పెట్టమన్నాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, "సలాడ్ బాగుంది" అని రాసి ఇచ్చేశాడు. సంతకం పెట్టలేదు.

అంతలో ఓరిన్ వచ్చాడు. డెల్మర్ ప్రాణం లేచొచ్చింది. ఓరిన్ అందరినీ పేరుపెట్టే పిలుస్తాడు.

"వచ్చావా దొరా!" అని ఓరిన్ నీలం టోపీ వీపు చరిచాడు. అంతే. గబగబా సాసేజ్‌ల వైపు వెళ్లిపోయాడు.

"మీరంతా ఇక్కడ ఎన్నాళ్లుంటారు?" అడిగాడు నీలం టోపీ.

"మంగళవారం దాకా!"

ఆయన ముఖం వాడిపోయింది. లవాన్ కళ్లు చెమర్చాయి. "పాపం, అప్పుడే మన మీద బెంగ," అని ఆయన ప్లేటులో పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి రొట్టె పెద్ద ముక్క వేసింది.

ఆయన తింటూనే జేబులోంచి ఒక కాగితం తీసి చూసుకున్నాడు. తరవాత దారి పక్కనున్న కొయ్యకేసి చూశాడు. దాని మీద డెల్మర్ ఈతనిక్కరు ఆరుతోంది. డెల్మర్‌కు సిగ్గేసింది. ఇంత మంచి మనిషి! నిక్కరు చూసి కూడా ఒక్క మాట అనలేదు. అలాంటివాడితో నాటకాలా?

చెంచాతో గ్లాసు మీద కొట్టి లేచి నిలబడ్డాడు.

"మిత్రులారా, ఈయన పేరు నాకు గుర్తులేదు. ఏడు ట్యాంకులూ నేనే చూసుకుంటాను."

ఆర్లిస్ కళ్లు మూసుకుంది. ఎవ్వరూ నవ్వలేదు. ఓరిన్ మెల్లగా టోపీ తీశాడు.

"కూర్చోరా. నాకూ తెలీదు."

"ఏంటీ? మరి దొరా అన్నావు?"

"ఏదో ఒకటి అనాలిగా!"

"నేను ఆర్లిస్ వాళ్ల అన్నయ్య అనుకున్నా," అంది లవాన్.

"నాకు అన్నయ్యే లేడు!" అంది ఆర్లిస్.

పద్నాలుగు మందిలో ఒక్కరికీ తెలియదు. నవ్వలేక చచ్చారు. ఎవరి ట్యాంకు వాళ్లదేనని అప్పటికప్పుడు తీర్మానమైంది. డెల్మర్ తేలికపడి నీలం టోపీ వైపు తిరిగాడు.

"ఇంతకీ మీరెవరు బాబూ?"

ఆయన మూతి తుడుచుకుని లేచాడు. కొయ్య మీది నిక్కరును రెండు వేళ్లతో తీసి, మడతపెట్టి డెల్మర్ చేతికిచ్చాడు. దాని కింద నంబరు బయటపడింది. ఆయన చేతిలోని బుకింగ్ కాగితం మీదా అదే నంబరు.

"తొందరేమీ లేదు, మీరు తినండి," అన్నాడు మొహమాటంగా.

"ఈ చోటు నాదండీ."