ఆరు మూరల నీళ్లు

"ఆరు మూరలు సార్," అన్నాడు బక్కయ్య ఫోన్లో.

పరాయి రాష్ట్రంలోని ఖటోదరాలో మగ్గాల కార్ఖానా మూతపడింది. కరోనాతో, నీటిమట్టం కొలిచే సర్వే మనుషులు రావడం మానేశాక, కాపలా ఉన్న బక్కయ్యే రోజూ పొద్దున బావిలోకి రాయి కట్టిన తాడు వదిలి, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో ఇంజినీరు మురళికి చెబుతున్నాడు. రోజు మొత్తంలో అతను మాట్లాడేది ఆ ఒక్క మనిషితోనే.

"మూరకు పద్దెనిమిది అంగుళాలు. అంటే తొమ్మిది అడుగులు. ఎనిమిదికి వస్తేనే కింది గల్లీకి ముంపు భయం," అన్నాడు మురళి. "అవునూ, తాడు మీద ముడులు మీ చేత్తో కొలిచి వేసినవేనా?"

బక్కయ్య ఒక ముడి దగ్గర మోచెయ్యి ఆనించి, తాడు వెంట చెయ్యి చాపాడు. రెండో ముడి వేలి మధ్యలోనే ఆగింది.

"కాదు సార్. మా ఇంటామె కొమురవ్వ ఏసింది. ఆమె మూర జర పొట్టి."

"టేపు పెట్టి చూడండి."

"పదహారు అంగుళాలే ఉంది సార్."

"అయ్యో, అయితే నీళ్లు ఎనిమిదడుగులకు వచ్చేశాయండీ! ముందు గల్లీ వాళ్లకు చెప్పండి."

బక్కయ్య గోడ దగ్గరికి ఉరికి, "పానీ ఆయేగా! సామాన్ ఊపర్ రఖో!" అని కేకలేసి వచ్చాడు.

"రేపు కొమురవ్వ గారి చెయ్యి కూడా ఒకసారి సరిగ్గా కొలవండి. లెక్క తప్పకూడదు," అన్నాడు మురళి.

బక్కయ్య చేతిలో తాడు తడిగా ఉంది.

"ఎండకాలంల కరోనాకు పోయింది సార్. ఆమె చెయ్యి ఇప్పుడు గీ తాడు మీదనే ఉంది."