తొలగని పేర్లు

"చచ్చిపోయినోళ్ళ పేరుమీద గూడా నెలనెలా మందులు పోతా ఉండాయి గోపాలస్వామీ. నీకింక ఈ కంప్యూటర్ పని వద్దు. ఈ పూటతో వేరేవాళ్ళకు అప్పజెప్పు," అన్నాడు ఆదికేశవులు.

ఆయన పెరంబూరు రిటైర్డ్ కార్మికుల సంఘానికి అధ్యక్షుడు. గోపాలస్వామి కార్యదర్శి. డెబ్బై దాటాక పట్టుబట్టి పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని సంఘం వెబ్‌సైట్ తనే రాశాడు. సభ్యుడికీ, ఇంట్లోవాళ్ళకీ బీపీ, షుగర్ మందులు ఉచితం. సభ్యుడు పోతే పేరు తీసేసి ఆ ఇంటికి మందులు ఆపెయ్యాలి, అది రూలు. ఆ వెబ్‌సైటంటే ముసలాయనకు ప్రాణం. ఇప్పుడది చేజారిపోయేలా ఉంది.

తప్పెక్కడుందో చూడమని నీహారికను పిలిపించారు. గుంటూరు నుంచి వచ్చి చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పిల్ల. పది నిమిషాల్లో పట్టేసింది.

"సార్, పేరు తీసెయ్యమని డేటాబేస్‌కి చెప్పే క్వెరీని సింగిల్ కోట్స్‌లో పెట్టారు. వాటి మధ్య ఏం రాస్తే అది ఉన్నదున్నట్టే డేటాబేస్‌కి వెళ్తుంది. డాలర్ ఐడీ అన్నచోట సభ్యుడి నంబరు వెళ్ళాలి కదా? వెళ్ళట్లేదు. ఆ అక్షరాలే వెళ్తున్నాయి. అలాంటి నంబరున్న సభ్యుడు ఎక్కడుంటాడు? డబుల్ కోట్స్ పెట్టుంటే అసలు నంబరు వెళ్ళేది."

"మరి తొలగించాం అని తెరమీద పచ్చగా వస్తా ఉండాదే?" అన్నాడు ఆదికేశవులు.

"అది ఊరికే వస్తుంది సార్. ఒక్క పేరూ పోలేదు."

గోపాలస్వామి తల దించుకున్నాడు. "వయసైపోయింది గదా, తెలీలా."

ఆదికేశవులు టీ చెప్పొస్తానని బయటికి వెళ్ళాడు. పెద్దాయన్ని అధ్యక్షుడి ముందు చిన్నబుచ్చానే అని నీహారికకు బాధేసింది.

సరిచెయ్యబోతూ ఆగింది. కొత్త సభ్యుల పేజీ తెరిచింది. మందులిచ్చే పేజీ తెరిచింది. చిరునామాలు మార్చే పేజీ కూడా చూసింది. ఎక్కడా ఒక్క పొరపాటు లేదు.

"సార్, మిగతా నలభై క్వెరీలకీ డబుల్ కోట్సే పెట్టారు. ఈ ఒక్కదానికే ఎలా తెలియలేదు?"

గోపాలస్వామి వాకిలివైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఆడ తెలిసే పెట్టినానమ్మా. మొగుడు పోయినంత మాత్రాన పెండ్లానికి షుగరు పోదు గదా."