పన్నెండు ముక్కల ఏనుగు

“తక్కువలో రావాలి. యానిమేషన్‌కి పనికిరావాలి,” అంది అమ్మాయి.

సేల్స్‌మన్ షాపులో వరసగా పెట్టిన లాప్‌టాప్‌ల వైపు చూశాడు. తక్కువలో వచ్చేవి యానిమేషన్‌కి పనికిరావు. పనికొచ్చేవి తక్కువలో రావు. ఇంకో రోజైతే ఆ మాటే చెప్పి పంపేసేవాడు. కానీ పొద్దున్నే ఓనరు తెగేసి చెప్పి వెళ్ళాడు: “చేరి ఎనిమిది రోజులైంది, ఒక్కటీ అమ్మలేదు. అయిదింటికి వస్తా. అప్పటికి ఒక్క లాప్‌టాప్ అయినా బేరం కుదరకపోతే రేపట్నుంచి మీ ఇంట్లో కూర్చుని ఈగలు తోలుకో.”

“మీకు కావలసినవే ఉన్నాయి మేడం, రండి,” అన్నాడు.

అమ్మాయి వెనకాలే ఆమె మేనత్త వచ్చింది, చంకలో కుట్టుసామాను డబ్బాతో. గుమ్మం పక్కనున్న రేకు పెట్టె దగ్గర ఆగి, దాన్ని వేలితో తట్టి చూసింది.

“ఇందులో ఎవరైనా ఏమైనా వేశారా బాబూ?”

“నేను చేరినప్పట్నుంచి ఖాళీయేనండీ. సలహాల పెట్టె అనుకుంటా. మమ్మల్ని బాగుచేద్దామని ఎవరికీ లేదు.”

“చాలా మంచిది,” అందావిడ మనస్ఫూర్తిగా. “మొత్తం ఎన్నున్నాయి లాప్‌టాప్‌లు?”

“పన్నెండండీ.”

“తెలుసులే, మొన్న అద్దంలోంచి లెక్కపెట్టుకున్నాం. అన్నీ తెరువు.”

డబ్బా మూత తీస్తే సూదులూ లేవు, దారాలూ లేవు. పన్నెండు పెన్‌డ్రైవులున్నాయి, ఒక్కోదానికీ అంకె రాసిన చీటీ కట్టి. అమ్మాయి చకచకా ఒక్కో లాప్‌టాప్‌కి ఒక్కోటి గుచ్చేసింది. తెరల మీద ఒక ఏనుగు, దానికో సైకిలు కనిపించాయి.

“ఈ బొమ్మల్ని పూర్తిగా తయారుచెయ్యాలి. చర్మం మీద ముడతలు, చక్రాల కింద దుమ్ము, అన్నీ. ముడతలు రాకపోతే అది ఏనుగు కాదు, సిమెంటు బస్తా,” అంది అమ్మాయి.

సేల్స్‌మన్ వరసగా చూసుకుంటూ వెళ్ళాడు. మొదటిదాంట్లో ఏనుగు సైకిలెక్కుతోంది. మూడోదాంట్లో పడింది. ఏడోదాంట్లో మోకాలికి కట్టు కట్టుకుని మళ్ళీ ఎక్కుతోంది.

“ఒక్కోదానికి ఒక్కో బొమ్మ ఇచ్చారేంటండీ? పరీక్షంటే అన్నిటికీ ఒకే ప్రశ్న ఉండాలి కదా.”

“పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే ప్రశ్న ఇస్తే కాపీ కొట్టవూ?” అంది మేనత్త.

అతనికి సబబుగానే తోచింది. లేదా ఉద్యోగం పోతుందన్న భయంలో ఏదైనా సబబుగానే తోచే స్థితిలో ఉన్నాడు.

మధ్యాహ్నానికి పన్నెండు లాప్‌టాప్‌లూ ఒక్కసారిగా గుర్రుపెట్టడం మొదలెట్టాయి. షాపంతా సెగ. మేనత్త ఒక్కోదాని మీదా చెయ్యి పెట్టి జ్వరం చూస్తోంది.

“ఆ మూలది కాలిపోతోంది బాబూ, కాస్త విసురు.”

బల్ల మీద ఓనరు అచ్చేయించిన కరపత్రాల కట్ట ఉంది. అందులోంచి గుప్పెడు తీసుకుని, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా విసురుతూనే ఉన్నాడు. అన్నం తినడానికి కూడా వెళ్ళలేదు. రెండున్నరకి ఎవరో పెద్దమనిషి వచ్చి, లాప్‌టాప్ కావాలి, వెంటనే పట్టుకెళ్తానన్నాడు.

“ఒక్కటీ ఖాళీ లేదండీ, అన్నీ పరీక్షలో ఉన్నాయి. రేపు రండి,” అని సేల్స్‌మన్ విసురుతూనే ఆయన్ని పంపించేశాడు.

అయిదుకి పావుగంట ఉందనగా పన్నెండూ పని ముగించాయి. అమ్మాయి అన్ని ముక్కల్నీ చివరి లాప్‌టాప్‌లోకి చేర్చి, కలిపి, ఆడించింది. పడిన ఏనుగు లేచింది. మళ్ళీ పడింది. మళ్ళీ లేచి, చివరికి రెండు కాళ్ళు పైకెత్తి, తొండంతో గంట కొట్టుకుంటూ వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. సేల్స్‌మన్‌కి కళ్ళు చెమర్చాయి.

“ఇంతకీ ఏది ప్యాక్ చెయ్యమంటారు?”

“ఇదే, పన్నెండోది.”

“ఇదా? ఇది షాపులో అన్నిటికన్నా ఖరీదైందండీ. మీరు తక్కువలో అన్నారు కదా?”

“తక్కువలోనే వస్తుంది,” అంది అమ్మాయి. “ఇవాళ పట్టుకెళ్ళం. పక్కన పెట్టండి, ఎల్లుండి వస్తాం.”

సేల్స్‌మన్ చేతిలోని కరపత్రాలతో ఈసారి తనకి తానే విసురుకున్నాడు. “మా ఓనరు నమ్మడండీ. నా ఉద్యోగం పోతుంది.”

“ఎందుకు నమ్మడు? ఆయనే స్వయంగా మా పిల్ల చేతికిచ్చి ఫొటో కూడా దిగుతాడు చూడు,” అంది మేనత్త.

వెళ్తూ వెళ్తూ అమ్మాయి, పూర్తయిన ఏనుగు బొమ్మ మొత్తాన్నీ ఎక్కించిన పెన్‌డ్రైవుని రేకు పెట్టెలో వేసింది. అది ఖాళీ అడుగున టంగుమంది. సలహా ఏదో ఇచ్చి వెళ్తున్నారని అతను సంబరపడ్డాడు.

అయిదింటికి ఓనరు వచ్చాడు. “ఏమయ్యా, ఏమైనా కదిలిందా?”

“పన్నెండో నంబరు వెళ్ళిపోయినట్టేనండీ. ఎల్లుండి వచ్చి పట్టుకెళ్తారు. మాట గట్టిది.”

ఓనరు నోరు తెరిచాడు. ఆర్నెల్లుగా దుమ్ము తుడుచుకోవడమే తప్ప కదలని సరుకది. వచ్చి అతని భుజం తట్టాడు. “నిన్ను పొద్దున అనవసరంగా తిట్టానయ్యా. రేపట్నుంచి నీ ఉద్యోగం పర్మనెంటు.”

అదే ఉత్సాహంలో జేబులోంచి తాళం తీసి రేకు పెట్టె తెరిచాడు. పెన్‌డ్రైవు చూసి మొహం ఇంకా వెలిగిపోయింది. “నెలరోజులకి ఒక్కటంటే ఒక్కటి వచ్చింది. గడువూ ఇవాళ్టితో అయిపోయింది, ఎల్లుండే ఇవ్వాలి. ఇంక వీళ్ళకే.”

“వీళ్ళకే ఏంటండీ?”

“చేతిలో పెట్టుకుని విసురుకుంటూ నన్నడుగుతావేంటయ్యా? చదువు.”

సేల్స్‌మన్ చెమటకి తడిసిన కరపత్రాన్ని విప్పి, పైకే చదివాడు.

“యానిమేషన్ పోటీ. మొదటి బహుమతి: మా షాపులో మీరు కోరుకున్న లాప్‌టాప్.”