బొడ్రాయి ఫోటో

“బిడ్డా, మా బొడ్రాయి నీళ్లల్ల లేదు, మా ఎంబడే వచ్చిందని పెట్టు,” అన్నాడు కొంరయ్య. మనవరాలు రవళి ఫోనులో అప్పీలు రాస్తోంది.

ఫోనులో ఆడే ఆట పటంలో, ఊరి గుర్తుగా ఏదో ఒక ఫోటో ఎక్కిన చోటికే మందుల బండ్లు వచ్చే రోజులవి. ఊరు జలాశయంలో మునిగినప్పుడు, నడిఊళ్లోని బొడ్రాయిని మోసుకొచ్చి కొత్త కాలనీలో పాతుకున్నారు. దాని ఫోటో పంపితే ‘ఈ రాయి ఉండేది ఇక్కడ కాదు’ అని కొట్టేశారు. కొంరయ్య భార్య నీలవ్వకు రావాల్సిన సూదిమందు రోజూ పటంలోని పాత గుర్తు వెంట జలాశయం కట్టదాకా వెళ్లి వెనక్కి పోతోంది.

“రెండు దినాలాయె, మీ అవ్వ లేచి నిలబడ్తలేదు. అది గూడ చెప్పు ఆ ఆఫీసరుకు.”

“ఫోటోలు చూసేది ఆఫీసర్లు కాదు తాతా. ఆ ఆట ఆడే పిల్లలే.”

కొంరయ్య ఫోను వైపు వంగాడు.

“అట్లనా? అయితే కింద ఇంకొక్క ముక్క పెట్టు బిడ్డా. దీన్ని వాళ్లమ్మకు చదివి వినిపించుమను.”