ముందు ఎదుటివారి మాట

“కాదు. నా పాయింట్ అది కానే కాదు,” అంది సుధామణి పుస్తకం మూసేస్తూ.

ఉపేంద్ర నిట్టూర్చాడు. ఆమె అభిప్రాయాన్ని ఆమె ఒప్పుకునేలా చెప్పడానికి ఇది అతనికి మూడో ప్రయత్నం.

టోవా పాయోలోని ఒక కమ్యూనిటీ క్లబ్ గదిలో ప్రతి ఆదివారం పొద్దున యూదుల ధర్మగ్రంథం చదివిస్తాడు ఎజ్రా. డెబ్బై దాటిన పెద్దమనిషి. తాతల కాలం నుంచి సింగపూర్‌లోనే ఉంటున్న యూదు కుటుంబం ఆయనది. ఏ మతంవాళ్ళయినా రావచ్చు. ఇద్దరిద్దరు జతగా కూర్చుని, ఒక ఘట్టం చదివి, దాని మీద వాదించుకోవాలి. ఎజ్రా పెట్టిన నియమం ఒకటే. ముందు ఎదుటివారి మాట చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అని వాళ్ళు ఒప్పుకున్నాకే మన మాట.

ఉపేంద్ర స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. సుధామణి పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పాతికేళ్ళు పనిచేసింది. ఇద్దరూ క్లాసులో చేరింది ఒకే రోజు. “మీ ఇద్దరిదీ తెలుగే కదా!” అని ఎజ్రా వాళ్ళను జత కలిపేశాడు.

“వేరే ఎవరూ లేరా సార్?” అని అడిగింది సుధామణి. ఎవరూ లేరు.

అలా ఏడాది గడిచింది. ఫ్యాను కింద కూర్చుంటే ఆమెకు జలుబు చేస్తుందని ఉపేంద్ర ముందే వచ్చి, మూల బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, సింగపూర్ పద్ధతిలో చోటు పట్టి ఉంచేవాడు. అతని కాఫీలో పంచదార వెయ్యొద్దని ఆమె స్టాల్లో చెప్పేది.

ఈసారి చదువుతున్న ఘట్టంలో, ఎడారి దారిన జనాన్ని నడిపిస్తున్న నాయకుడి మీద అతని చుట్టమే తిరగబడతాడు. పెత్తనమంతా నీకొక్కడికే ఎందుకని నిలదీస్తాడు. భూమి నోరు తెరిచి అతన్ని మింగేస్తుంది.

“ప్రశ్న అడిగినవాణ్ణి మింగేయడమేంటి? వాడడిగిన దాంట్లో తప్పేముంది?” అన్నాడు ఉపేంద్ర.

“అడగడానికి ఒక టైమూ చోటూ ఉండాలి,” అంది సుధామణి.

సరిగ్గా అప్పుడే ఎన్నికలొచ్చాయి. హౌగాంగ్‌లో ఉండే అతను ప్రతిపక్షం మనిషి. బిషాన్‌లో ఉండే ఆమె ఓటు ఎప్పుడూ అధికార పక్షానికే. ఎడారిలో మొదలైన వాదన ఓటు మీదికి మళ్ళింది.

“మీకు భయమండీ! అందుకే ఎప్పుడూ ఉన్నవాళ్ళకే వేస్తారు,” అన్నాడు ఉపేంద్ర గొంతు పెంచి.

పక్క జతలవాళ్ళు తలెత్తి చూశారు. సుధామణి సంచీ సర్దుకుంది.

“మీరు వినరు. మీకు కావలసింది గెలవడం.”

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఉపేంద్ర ఒక్కడే కూర్చుని అదే ఘట్టాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు, ఈసారి ఆమె వైపు నుంచి. తర్వాత ఎజ్రాను అడిగి ఆమె బ్లాక్ నంబరు తీసుకుని, బిషాన్ వెళ్ళే ట్రైనెక్కాడు.

కూరగాయల సంచీతో ఆమె లిఫ్టు దగ్గరే ఎదురైంది.

“ఎందుకొచ్చారు?”

“పాఠం అప్పజెప్పడానికి.”

“ఇక్కడా?”

“ఒక్క నిమిషం విను. నాయకుడు తప్పులు చెయ్యడని నువ్వనలేదు. ఎడారి మధ్యలో ముసలివాళ్ళూ చంటిపిల్లలూ నడుస్తున్నారు. దారి తెలిసినవాణ్ణి అక్కడే దింపేస్తే, రేపు వాళ్ళకు నీళ్ళెవరు చూపిస్తారన్నదే నీ ప్రశ్న. దాన్ని నేను భయం అన్నాను. అది భయం కాదు. నడవలేనివాళ్ళ గురించి నీకున్న బెంగ.”

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకుని, మూసుకున్నాయి. ఆమె కదల్లేదు.

“అవును,” అంది చివరికి. “నేనన్నది అదే.”

సంచీ చెయ్యి మార్చుకుని, “ఇప్పుడు మీ మాట చెప్పండి,” అంది.

“దానికోసం రాలేదు.”

ఆ ఆదివారం ఇద్దరూ కలిసే క్లాసుకు వచ్చారు. ఎజ్రా సంబరం ఇంతా అంతా కాదు. క్లాసయ్యాక వాళ్ళను తిండి స్టాళ్ళుండే హాకర్ సెంటర్‌కు తీసుకెళ్ళి తనే కాఫీలు తెచ్చాడు.

“ఏడాదిగా చూస్తున్నాను. ఇంత బాగా పోట్లాడుకునే జత నాకు ఇంతవరకూ దొరకలేదు,” అన్నాడు. “ఇద్దరూ ఒంటరిగానే ఉంటున్నారు. పెళ్ళి చేసుకోవచ్చు కదా!”

సుధామణి నవ్వాపుకోలేక కప్పు కింద పెట్టేసింది. ఉపేంద్ర ఆమె వైపొకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

“ఒకసారి ఈవిడనే చేసుకున్నాను సార్.”