గోడ అవతలి డప్పావిడ

దబ్. దబ్. దబ్.

పక్క కేబిన్ గోడ మళ్ళీ మోగింది.

ఇంజనీరుగారు మంచం మీద ఎగిరిపడి, నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా గట్టిగా ఊపిరి పీల్చారు. మధ్యాహ్నం భోజనం చేసి, కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ నడుం వాల్చి ఎంతోసేపు కాలేదు.

"ఇవాళ కూడా మొదలెట్టిందా?" అంది ఆయన భార్య, కళ్ళు తెరవకుండానే.

"నిన్న మానేస్తే కదా, ఇవాళ మొదలెట్టడానికి."

ఆయన ఈ ఓడ ఎక్కిందే నిద్రపోవడానికి.

కరెంటాఫీసులో పనిచేసినన్నాళ్ళూ, రాత్రి కరెంటు పోతే ఊరంతా విసనకర్రలు పట్టుకునేది, ఆయన ఫోను పట్టుకునేవారు. రిటైరైన రోజునే భార్యతో చెప్పేశారు, "నన్నెవరూ లేపని చోటికి పోదామే" అని. నడిసముద్రంలోకి ఫోను రాదని, నెలల తరబడి దేశాలు తిరిగే ఈ ఓడ ఎక్కారు.

ఫోను రాలేదు. డప్పావిడ వచ్చింది.

ఆ పేరు పెట్టింది ఇల్లాలే. డప్పావిడ ఒంటరి మనిషి. డెబ్భై దాటి ఉంటాయి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. పగలు లేదు, రాత్రి లేదు, ఇంజనీరుగారు నిద్రపోతే చాలు, గోడ వాయిస్తుంది.

ఆయన గురక పెట్టే మాట నిజమే. పెళ్ళయిన కొత్తలో ఇల్లాలు చెవుల్లో దూది పెట్టుకునేది. తర్వాత దూదితో పని లేకపోయింది. తిరిగే ఫ్యాను చప్పుడులాగే ఆ గురక కూడా ఆవిడకి వినబడటం మానేసింది.

"కట్టుకున్నదాన్ని నేను భరించడం లేదా? గోడవతల మనిషికేమిటట నొప్పి?" అనేది.

ఆ సాయంత్రం భోజనాల హాల్లో డప్పావిడ వీళ్ళ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మీ ఆయన గురక గురించి ఒక మాట చెప్పాలమ్మా."

"గురక పడనివాళ్ళు సొంత ఓడ కొనుక్కోవాలండీ" అంది ఇల్లాలు, చుట్టుపక్కల వాళ్ళకి వినబడేలా.

నాలుగు బల్లల వాళ్ళు నవ్వారు.

"అది కాదమ్మా, ఆయన..."

"సూపు చల్లారిపోతోంది" అన్నారు ఇంజనీరుగారు.

డప్పావిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

అది మొదలు ఇల్లాలి చేతికి పని దొరికింది. డప్పావిడ నడిచొస్తుంటే చూసి మరీ లిఫ్టు తలుపు మూసేది. డెక్ మీద ఆవిడ రోజూ కూర్చునే కుర్చీలో తడి తువాలు ఆరేసేది.

"మీ అమ్మగారి మీద కూడా ఇన్ని తెలివితేటలు ఖర్చుపెట్టలేదండీ నేను" అంది భర్తతో.

"ఆ సంగతి మా అమ్మనడగాలి" అన్నారాయన.

ఓ రోజు ఓడ ఒక రేవులో ఆగింది. అందరూ ఊరు చూడటానికి దిగారు. బస్సులో ఇల్లాలు తన పక్క సీట్లో హ్యాండ్‌బ్యాగుని కూర్చోబెట్టింది. వేరే చోటు లేదు. డప్పావిడ కడ్డీ పట్టుకుని దారంతా నిలబడే వచ్చింది.

కోట మెట్లెక్కి దిగేసరికి ఇంజనీరుగారికి ఆయాసం వచ్చింది. పార్కులో బెంచీ మీద కూలబడ్డారు. ఇల్లాలు పావురాలని ఫోటోలు తీస్తోంది. ఆయన తల మెల్లిగా వాలింది, గురక అందుకుంది.

టక్. టక్. టక్.

డప్పావిడ గొడుగు కర్రతో బెంచీని కొడుతోంది.

"ఇక్కడ గోడ కూడా లేదు కదండీ" అంటూ వచ్చింది ఇల్లాలు. "ఊరంత పార్కు. అటుపోయి కూర్చుంటే మీ సొమ్మేం పోయింది?"

"ఆయన్ని డాక్టరుకి చూపించండి" అంది డప్పావిడ.

"ముందు మీరు చూపించుకోండి. చెవులు కాదు, తల."

"పదవే, ఇవాళ తేల్చేస్తాను" అన్నారు ఇంజనీరుగారు, ఇంకా రొప్పుతూనే.

తేల్చేశారు. ఓడ మేనేజరు డప్పావిడని పిలిపించాడు.

"గోడ కొట్టారా, లేదా?"

"కొట్టాను. కానీ..."

"ఒప్పేసుకుంది, విన్నారుగా" అంది ఇల్లాలు.

ఆ 'కానీ' తర్వాత ఏముందో ఎవరూ అడగలేదు. సాయంత్రానికల్లా ఆవిడని అడుగు అంతస్తులో కిటికీ లేని గదికి మార్చేశారు.

పెట్టె ఈడ్చుకుంటూ వెళుతూ, వీళ్ళ గుమ్మం ముందు ఆగింది.

"ఆయన పడుకున్నప్పుడు ఇక మీరే మెలకువగా ఉండాలమ్మా."

"బెదిరిస్తున్నారా?" అని ఇల్లాలు తలుపు మొహం మీద వేసేసింది.

మర్నాడంతా సముద్రం మీదే ప్రయాణం. భోజనం కాగానే ఇంజనీరుగారు దుప్పటి కప్పుకున్నారు. గోడ చప్పుడు చెయ్యలేదు.

"ఎంత హాయిగా ఉందో చూశారా" అంది ఇల్లాలు.

"ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఇలాంటి నిద్ర ఎరగనే" అన్నారాయన, సగం నిద్రలో.

ఇల్లాలు కర్టెన్ లాగి, తనూ పడుకుంది. లేచేసరికి టీ వేళ దాటిపోయింది.

"ఏవండీ, లేవండి. టీ చల్లారిపోతోంది."

ఆయన లేవలేదు.

నిద్రలోనే పోయారని చెప్పాడు ఓడ డాక్టరు.

ఆసుపత్రి గది బయట ఇల్లాలు ఒక్కతే కూర్చుని ఉంటే, డప్పావిడ మెట్లెక్కి వచ్చి పక్కన కూర్చుంది.

"ఇక మీకు గురక గొడవ లేదు" అంది ఇల్లాలు, మొహం తిప్పకుండానే. "హాయిగా నిద్రపోండి."

"గురక వినబడుతున్నంతసేపూ హాయిగానే పడుకునేదాన్నమ్మా" అంది ఆవిడ.

ఇల్లాలు తలెత్తి చూసింది.

"మా ఆయన గురక ఆగిన రోజున, పోనీలే ఇవాళైనా నిద్ర కుదిరిందనుకుని పక్కనే ఆదమరిచి పడుకున్నాను. అందుకే మీ ఆయన ఊపిరి ఆగినప్పుడల్లా గోడ కొట్టాను."