రాణీరంగు చార

కరీంనగర్‌లో ఇప్పుడు చావుకీ పెళ్ళికీ ఒకటే చీర. నూలులో నానోపొడి ఉంటుంది, గాజులోని అయస్కాంతం తాకిస్తే రంగు మారుతుంది, మళ్ళీ తాకిస్తే ముందున్న రంగే తిరిగొస్తుంది.

తమ్ముడు ఆరునెలలు మంచాన పడితే గడప తొక్కని ప్రమీల, ఇవాళ వాకిట్లోనే చీరను బూడిదరంగుకు మార్చుకొచ్చి, అతని శవమున్న ఫ్రీజర్ పెట్టె మీద బోర్లా పడి ఏడ్చింది. ఫ్రిజ్ తలుపుకున్నట్టే ఆ మూత అంచుకూ అయస్కాంతపు పట్టీ ఉంటుందని ఆమెకు తట్టలేదు. లేచేసరికి చీరకు అడ్డంగా రాణీరంగు చార, జరీ మెరుపుతో సహా.

అతని భార్య అనసూయ ఏడుపు ఆపి ఆ చారను తీరిగ్గా చూసింది.

"ఎవలింట్ల పెండ్లి, వదినె?"

ప్రమీల కొంగు అడ్డం పెట్టుకుంది.

"చావింట్ల పోయొస్తనని చెప్పొద్దు," అంది అనసూయ. "ఊకె లేచి పో. ముహూర్తం దాటుతది."